ఫ్యాన్ రెక్క మీద నాన్న పేరు

చిక్కడపల్లి

చిన్నా,

నీ వాట్సాప్ మెసేజ్ చూశాను. అన్నయ్య సంవత్సరీకానికి గుడికి నాలుగు ఫ్యాన్లు ఇచ్చి, రెక్కల మీద ఆయన పేరు రాయిస్తానన్నావు. రాయించు, కాదనను. ఫ్యాన్ తిరిగినంతసేపు ఆ పేరు ఎవరికీ కనబడదనుకో, అది వేరే సంగతి. "నాన్న పేరు నిలబడాలి బాబాయ్" అన్నావు చూడు, అక్కడే నాకు నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే లైబ్రరీ ఉంది కదా. ఉద్యోగాల్లేని రోజుల్లో నేనూ మీ నాన్నా పేపర్లో ప్రకటనలు చూసుకోవడానికి అక్కడికే పోయేవాళ్లం. 1901లో అది మొదలైంది రావిచెట్టు రంగారావు గారింట్లో. పేరు మాత్రం ఎప్పటి రాయలవారిదో పెట్టారు. ఉస్మానియా ఆసుపత్రి దగ్గరి చింతచెట్టు సంగతీ అంతే. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు సుమారు 150 మంది దాని కొమ్మలు పట్టుకుని బతికారు. దాన్ని నాటిందెవరో అడుగు, చెప్పేవాళ్లు లేరు.

ఇవి మంచి జ్ఞాపకాలు. మనం వద్దన్నా మిగిలేవి ఇంకొన్ని ఉంటాయి. మొన్న డెలివరీ అబ్బాయి ఆలస్యంగా వస్తే, ఎనిమిదేళ్ల నా మనవరాలు గుమ్మంలో నిలబడి, "టైమంటే లెక్క లేదా నీకు?" అని వేలు చూపించింది. ఆ మాట నాది, ఆ వేలూ నాదే. ముప్పై ఏళ్లు ఆఫీసులో కిందివాళ్ల మీద వాడాను. రిటైరైన రోజు శాలువా కప్పి "క్రమశిక్షణకు మారుపేరు" అన్నారు. పొంగిపోయాను కూడా. ఆ క్రమశిక్షణ ఎలా ఉంటుందో అవతలివైపు నుంచి ఎప్పుడూ చూడలేదు మరి.

మనవరాల్ని వెంటబెట్టుకుని మెట్లు దిగి, "తప్పు నాది బాబూ, ఇది నా దగ్గరే నేర్చుకుంది" అని ఆ అబ్బాయితో చెప్పాను. దానిచేత సారీ చెప్పించలేదు. నువ్వూ పిల్లాడికి నీతులు చెప్పే పని పెట్టుకోకు. నోరు జారితే, ఆ మాట వెనక్కి తీసుకునేది మాత్రం వాడి ఎదురుగానే తీసుకో.

అన్నయ్య ఏం మిగిల్చాడంటావా? తిన్న కంచం నువ్వే తీసి సింకులో పెడతావు కదా, అది ఆయనే. మా ఇంట్లో మగాడు కంచం తీయడమంటే మా అమ్మకు తలకొట్టేసినట్టుండేది. ఆయన పట్టించుకునేవాడు కాదు. మొన్న దసరాకి వచ్చినప్పుడు మీ బుడ్డోడు రెండు చేతుల్తో కంచం పట్టుకుని, చారు ఒలక్కుండా మెల్లిగా నడిచి వెళ్లడం చూశాను. వాడికి ఎవరూ చెప్పలేదు.

ఇంకొకటి చెప్పాలి, ఇది మాత్రం కష్టంగా ఉంది. పదో రోజు బీరువా సర్దుతుంటే బ్యాంకు పాసుబుక్కులో ఆయన నేత్రదానం కార్డు దొరికింది. మనలో ఒక్కరికీ తెలియదు. కార్డు ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆ సమయంలో ఇంట్లోవాళ్లు ఒప్పుకుని ఐ బ్యాంకుకు ఫోన్ చేయాలి. కార్డు లేకపోయినా ఇంట్లోవాళ్లు ఇవ్వొచ్చు. ప్రాణం పోయిన ఆరు గంటల్లోపు కళ్లు తీసుకోవాలి. ఆలోగా రెప్పలు మూసి, తడి దూది పెట్టి, తల కింద దిండు పెట్టాలి. గదిలో ఫ్యాన్ ఆపేయాలి, లేకపోతే కళ్లు ఆరిపోతాయి. షుగర్, శుక్లాల ఆపరేషన్ ఉన్నా ఫర్వాలేదు. అన్నయ్యకు రెండూ ఉండేవి.

నా కార్డు ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టాను. మీ పిన్ని పొద్దున్నే అపశకునమంటూ సొరుగులో దాస్తుంది, సాయంత్రానికల్లా నేను మళ్లీ తగిలిస్తున్నాను. నువ్వు వచ్చినప్పుడు ఒకసారి చూసి పెట్టుకో.

బాబాయి