మబ్బు మీద నిలిచిపోయిన నారదుడు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన సమీక్షా, దానికి జతపరచిన ఉత్తరమూ అందాయి. సమీక్షను రెండుసార్లు చదివాను, ఉత్తరాన్ని అంతకంటే ఎక్కువసార్లు చదివాను. సమీక్ష కోపం తెప్పించింది, ఉత్తరం కళ్ళు చెమర్చేలా చేసింది. ఆ రెండూ ఒకే చేతి రాత కావడం వల్లనే ఈ జవాబు ఇంత పొడుగవుతోంది.

ముందు కోపం సంగతి చెబుతాను. ఊరూరా తిరిగి నాటకాలాడే కుటుంబాల సమాజం సురభి వారి ‘భక్త ప్రహ్లాద’ నాటకం మీద నువ్వు రాసిన మూడు పుటలలో “నటీనటులందరూ తమ తమ పాత్రలకు న్యాయం చేశారు” అనే వాక్యం ఉంది. హిరణ్యకశిపుడు “పాత్రలో జీవించాడు” అన్నావు, ప్రహ్లాదుడి తల్లి లీలావతి “మెప్పించింది” అన్నావు, సంగీతం “రక్తి కట్టించింది” అన్నావు. ఈ మాటలను ఏ నాటకానికైనా, ఏ ఊరికైనా, నాటకం చూడకుండానే అతికించవచ్చు. న్యాయం చేశాడంటే ఆ నటుడు ఏం చేశాడమ్మా? కొడుకును ఒడిలో కూర్చోబెట్టుకుని నేర్చిన చదువు చెప్పమన్నప్పుడు అతని చెయ్యి ఆ పసివాడి తల మీద ఉందా, భుజం మీద ఉందా? హరి పేరు వినబడగానే ఆ చెయ్యి వెంటనే లేచిందా, లేక లేవడానికి కొంతసేపు పట్టిందా? ఆ కొంతసేపటిలోనే తండ్రి ఉన్నాడో, రాక్షసుడు ఉన్నాడో తేలిపోతుంది. నువ్వు నాలుగో వరుసలో కూర్చున్నానని రాశావు కాబట్టి అది నీకు కనబడే ఉంటుంది. కనబడినదాన్ని వదిలేసి, ఎవరో ఎప్పుడో వాడి పారేసిన మాటను తెచ్చి పెట్టావు.

ఈ వాక్యం మీద నాకు ఇంత పగ ఎందుకో కూడా చెప్పాలి. నాకు 22 ఏళ్ళప్పుడు మా తెనాలి పక్క ఊళ్ళో ఒక సురభి సమాజం మకాం వేసింది. రేకుల హాలు, చుట్టూ తడికెలు, ముందు కుర్చీలు, వెనక బెంచీలు, ఆ వెనక నేల. ‘భక్త ప్రహ్లాద’ను ఆ మకాంలో నేను నాలుగు రాత్రులు చూశాను. కొడుక్కి విషం ఇవ్వాల్సి వచ్చిన ఘట్టంలో లీలావతి పాత్రధారిణి మొదటి రెండు రాత్రులూ గొంతెత్తి ఏడ్చింది. మూడో రాత్రి ఏడవలేదు. జనానికి వీపు పెట్టి, గిన్నె పట్టుకుని, పద్యం ఎత్తుకోకుండా అలాగే నిలబడింది. నేల మీద కూర్చున్న పిల్లలు సైతం కిక్కురుమనలేదు. నాలుగో రాత్రి మళ్ళీ ఏడ్చింది. మర్నాడు పొద్దున నేను వెళ్ళి ఎందుకు మార్చారని అడిగితే, ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ, “రాత్రి వాన కదా బాబూ, రేకుల మీద అంత చప్పుడు అవుతుంటే నేను ఊరుకున్నానంటే పద్యం మరిచిపోయాననుకుంటారు” అంది.

ఆ ఒక్క మాట పట్టుకుని 7 పుటల సమీక్ష రాశాను. వాన లేని రాత్రికీ వాన పడిన రాత్రికీ మధ్య ఒక నటి తన అభినయాన్ని ఎలా మార్చుకుందో రాశాను. ఒక పత్రికకు పంపాను. సంపాదకుడు దాన్ని 12 పంక్తులు చేసి వేశాడు. వాటిలో 9 పంక్తులు జ్యోతి వెలిగించిన పెద్దల పేర్లు, శాలువా కప్పించుకున్న వారి పేర్లు. లీలావతి లేదు, వాన లేదు. చివర, నా పేరు కింద, నేను రాయని ఒక వాక్యం ఉంది: “నటీనటులందరూ తమ పాత్రలకు న్యాయం చేశారు.” నేను ఆ పత్రిక పట్టుకుని మకాం దగ్గరికి వెళ్ళలేకపోయాను. ఆవిడకు చదువు వచ్చు.

ఇక రెండో సంగతి. “గ్రాఫిక్స్ యుగంలో అంతరించిపోతున్న ఈ కళను మనమందరం కాపాడుకోవాలి” అని ముగించావు. సురభి సమాజాల గురించి పత్రికలలో అచ్చయినదంతా పోగు చేస్తే రెండు కుప్పలవుతుంది. ఒక కుప్ప ఆశ్చర్యం: తీగె మీద ఎదురెదురుగా వచ్చి నిప్పులు రాల్చే బాణాలు, చీలే స్తంభం, రంగస్థలం మీద కురిసే వాన, క్షణంలో మారిపోయే తెరలు. రెండో కుప్ప జాలి: డేరాల బతుకు, అప్పులు, తగ్గిపోయిన జనం, మూతబడిన సమాజాలు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి నాయకత్వంలో ‘కీచక వధ’ ఆడిన నాటి నుంచి ఈ కుటుంబాలు తరతరాలుగా నటిస్తున్నాయి. ఒక దశలో 50 దాకా పెరిగిన సమాజాలు నేడు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగలడం నిజం, ఆ కష్టం నిజం. కాని కష్టాన్ని గురించి రాయడం వార్త, నటనను గురించి రాయడం సమీక్ష. ఎవరి మీదనైతే మనం జాలిపడతామో వారి తప్పు ఎత్తిచూపడానికి నోరు రాదు. తప్పు ఎత్తిచూపనివాడి మెప్పును నటుడు నమ్మడు.

గ్రాఫిక్స్ అన్నావు కనుక ఒక్క విషయం గుర్తు చేస్తాను. మొదటి పూర్తి తెలుగు టాకీ 1932లో వచ్చిన ‘భక్త ప్రహ్లాద’. అందులో లీలావతి సురభి కమలాబాయి. సినిమా పుట్టినప్పుడు కథనూ, పద్యాన్నీ, నటినీ నాటకం నుంచే తీసుకుంది. అటువంటి నాటకాన్ని సినిమా కొలబద్దతో కొలిచి, పాపం బాగానే చేశారనడం నాకు బాధ కలిగిస్తుంది. అంతకు ముందు మాట కూడా ఉంది. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమహేంద్రవరంలో ఆడి వెళ్ళాక, వారు వదిలిన పాకలోనే కందుకూరి వీరేశలింగం గారు తన విద్యార్థులతో నాటకాలు వేయించారు. మన ఆధునిక రంగస్థలాన్ని కదిలించింది ఊరూరా తిరిగే ఒక సమాజమే.

అయినా చదువుకున్న వారి సమాజాలకు దక్కిన విమర్శ తిరిగే సమాజాలకు దక్కలేదు. నటులు బళ్ళారి రాఘవ గారు సంగీతం అభినయాన్ని మింగేయకూడదన్నారు, స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టారు. ఆ వాదాల మీద ఎంతో చర్చ జరిగింది, జరగవలసిందే. మగవాడై ఉండి స్త్రీ పాత్రల అభినయానికి స్థానం నరసింహారావు గారు పొందిన కీర్తి కూడా న్యాయమైనదే. కాని సురభి కుటుంబాల ఆడవాళ్ళు తొలినాళ్ళ నుంచే రంగస్థలం మీద ఉన్నారు. వారి అభినయం ఎలా ఉండేదో రాసిపెట్టినవాళ్ళు ఎందరు? 1990లలో కన్నడ దర్శకుడు బి.వి. కారంత్ గారు వచ్చి సురభి వారితో ‘భీష్మ’, ‘చండీప్రియ’ చేయించినప్పుడు నగరంలోని విమర్శకులు ఉన్నట్టుండి వీరిని నటులుగా గుర్తించారు. కారంత్ గారి మీద నాకు ఎంతో గౌరవం ఉంది, ఆయన వారి బలాన్ని చూసి దాని మీదనే కట్టారు. కాని మన నటులు నటులేనని మనకు తెలియడానికి బయటి దర్శకుడి సంతకం కావలసి వచ్చిందన్నది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. 2013లో సురభి నటులు ఆర్. నాగేశ్వరరావు గారికి, అంటే అందరికీ తెలిసిన బాబ్జీ గారికి, పద్మశ్రీ వచ్చినప్పుడు కూడా పత్రికలలో శాలువాలే ఎక్కువ కనబడ్డాయి.

తప్పు పట్టమన్నాను కదా, పట్టి చూశాను. చాలా ఏళ్ళ కిందట ఒక సమాజంలో హిరణ్యకశిపుడు వేసిన నటుడు పద్యంలో రాగం ఎంత సాగదీశాడంటే క్రియాపదం వచ్చేసరికి కర్త ఎవరో జనం మరిచిపోయారు. ఆ సంగతి అలాగే రాశాను. మూడో రోజు ఆయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, అరుగు మీద కూర్చుని, అదే పద్యాన్ని రెండు విధాలుగా పాడి వినిపించాడు. రాగం తగ్గించి పాడితే అర్థం నిలిచింది కాని రాజు కనబడలేదు. సాగదీసి పాడితే రాజు కనబడ్డాడు. రెండు గంటలు వాదించుకున్నాం. నా మాటలో సగం వెనక్కి తీసుకున్నాను, సగం ఉంచుకున్నాను. అదే నటుడిని అంతకు 20 ఏళ్ళ ముందు ప్రహ్లాదుడిగా చూశానని మాటల మధ్యలో తెలిసింది. తిరిగే సమాజాన్ని చూసే విమర్శకుడికి దక్కే భాగ్యం ఇది. పిల్లవాడు తండ్రి పాత్రలోకి ఎదగడాన్ని ఒకే నాటకంలో చూడగలం. ఒక్క రాత్రి చూసి ఇంటికి వచ్చి రాసేవాడికి అది దక్కదు.

అందుకే చెబుతున్నాను, ఒక్కసారి చూసి రాయవద్దు. ఒక రాత్రి కుర్చీల్లో, ఒక రాత్రి వెనక నేల మీద కూర్చో. మూడో రాత్రి అనుమతి అడిగి పక్క వింగులో, తెర తాళ్ళ దగ్గర నిలబడి చూడు. సమాజం పక్క ఊరికి మారితే వెంట వెళ్ళు. అక్కడి జనం ఎక్కడ వన్స్ మోర్ అన్నారో, మీ ఊరి జనం ఎక్కడ అన్నారో రాసుకో. రాగాలు నేర్చుకోవాలా అని అడిగావు. పాడడం రానక్కరలేదు, కాని మోహన ఏదో, ముఖారి ఏదో చెవికి తెలియాలి. నటుడు దుఃఖాన్ని రాగానికి వదిలేశాడా, మాటలో మోశాడా అన్నది అది తెలియకుండా చెప్పలేవు.

ఇప్పుడు నీ ఉత్తరం. సమీక్షలో “మధ్యలో చిన్న సాంకేతిక అంతరాయం కలిగినా ప్రదర్శన విజయవంతంగా సాగింది” అని ఒక్క ముక్కలో దాటేసిన సంగతిని ఉత్తరంలో నాకు పూర్తిగా చెప్పావు. నారదుడు దిగి వస్తున్న మబ్బు రెండు నిలువుల ఎత్తున ఆగిపోయింది. పైన తాడు చిక్కుకుంది. హార్మోనిస్టు తల పైకెత్తి ఒకసారి చూసి, ముగించబోతున్న స్వరాన్ని ముగించకుండా మళ్ళీ మొదటికి తెచ్చాడు. నారదుడు అక్కడే, ఊగుతున్న మబ్బు మీద, ఒక చేత్తో తీగె పట్టుకుని, రెండో చేత్తో చిడతలు ఆపకుండా, ఆ ఘట్టంలో లేని పద్యం అందుకున్నాడు. కింద ఉన్న చిన్న ప్రహ్లాదుడు చేతులు జోడించి అంతసేపూ పైకే చూస్తూ నిలబడ్డాడు. తాడు సడలి మబ్బు నేలను తాకినప్పుడు వెనక కూర్చున్నవాళ్ళు పద్యం బాగుందని చప్పట్లు కొట్టారు, అంతరాయం కలిగిందని వాళ్ళకు తెలియనే లేదు.

దాన్ని సమీక్షలో ఎందుకు పెట్టలేదమ్మా? లోపం బయటపెడితే వారికి చెడ్డపేరు వస్తుందని జంకావేమో. ఆ కొద్ది నిమిషాలలో నువ్వు చూసింది నూరేళ్ళకు పైగా ఒక కుటుంబం నేర్చుకున్న విద్య. ముగ్గురు మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడకుండా ఒక రాత్రిని నిలబెట్టారు. నీ సమీక్ష అక్కడ మొదలుపెట్టు. ఆ పద్యం ఏదో వెళ్ళి అడుగు, ఏ రాగంలో పాడాడో అడుగు, పైన తాడు విడదీసింది ఎవరో అడిగి అతని పేరు కూడా రాయి. ఆ పసివాడికి పైకే చూస్తూ నిలబడమని ఎవరైనా చెప్పారా, వాడికే తోచిందా అన్నది మాత్రం తప్పకుండా తెలుసుకుని నాకు రాయి.

నీ రాతప్రతిని దీనితోపాటు తిరిగి పంపుతున్నాను. ఉత్తరాన్ని మాత్రం నా దగ్గరే ఉంచుకుంటున్నాను.