టీవీ పక్కన పెడితే ఆకులు రాల్చక ఏం చేస్తుంది?

ప్రశ్న: మా గృహప్రవేశానికి మావారి స్నేహితులు ఒక బోన్సాయ్ ఇచ్చారు. కుండీ మీద ‘బోన్సాయ్’ అని తప్ప ఏ చెట్టో రాసి లేదు. వేళ్లు చిలగడదుంపల్లా ఉబ్బి మట్టి పైకే కనిపిస్తున్నాయి. మట్టి కనపడకుండా పైన తెల్ల గులకరాళ్లు అతికించారు. హాల్లో టీవీ పక్కన పెట్టి రోజూ స్ప్రే చేస్తున్నా, రెండు వారాలుగా ఆకులు పసుపెక్కి రాలిపోతున్నాయి. మర్రి జాతి అయితే ఇంట్లో ఉంచకూడదని అత్తయ్యగారు అంటున్నారు. ఇంతకీ ఇది ఏ చెట్టు? బతుకుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఆ వేళ్లను బట్టి చూస్తే, నర్సరీల్లో ‘జిన్సెంగ్ ఫైకస్’ పేరుతో అమ్మే మొక్కే అయ్యుంటుందమ్మా. ఖాయం చేసుకోవాలంటే ఒక ఆకు తుంచండి. తొడిమ దగ్గర తెల్లటి పాలు వస్తే ఫైకసే. ఆ పాలు కొందరికి దురద పెడతాయి, వెంటనే చెయ్యి కడుక్కోండి. పాలు రాకుండా ఆకులు చిన్నగా, మందంగా, నొక్కితే నీరు చిమ్మేలా ఉంటే అది జేడ్ అనే వేరే మొక్క. దానికి నీళ్లు బాగా తక్కువ పొయ్యాలి, కింద చెప్పేది దానికి వర్తించదు.

అత్తయ్యగారు అన్నది నిజమే, ఫైకస్ అంటే మర్రి, రావి, మేడి కుటుంబమే. నేనెలాగూ బాల్కనీలోకి మార్చమనే చెప్పబోతున్నాను కాబట్టి మీ ఇద్దరికీ పేచీ ఉండదు.

చోటు మారితే ఫైకస్ ఆకులు రాల్చడం మామూలే. అయితే మీ దగ్గర వెలుతురు చాలకపోవడం, ఏసీ ఉంటే ఆ పొడి గాలి కూడా తోడై ఉంటాయి. ఒక సన్న కొమ్మ మీద బెరడును గోటితో కొంచెం గీకండి. లోపల పచ్చగా కనిపిస్తే ప్రాణం ఉన్నట్టే.

ముందు ఆ గులకరాళ్ల సంగతి చూడండి. అమ్మేవాళ్లు రవాణాలో మట్టి ఒలికిపోకుండా జిగురుతో అతికిస్తారు, దాంతో పైన పోసిన నీళ్లు లోపలికి దిగవు. కుండీని కాసేపు నీళ్లలో నానబెట్టి, స్క్రూడ్రైవర్‌తో అంచు నుంచి నెమ్మదిగా పెళ్లలుగా లేపండి. కుండీ అడుగున చిల్లు ఉందో లేదో కూడా చూడండి. కొన్ని గిఫ్టు కుండీలకు అసలు ఉండదు! అలాంటిదైతే వేళ్లు కదపకుండా మట్టిగడ్డతో సహా చిల్లున్న కుండీలోకి దించేయండి.

స్ప్రే చేస్తే ఆకులు తడుస్తాయి తప్ప వేళ్లకు నీరు అందదు. వేలు పెట్టి చూసి, పై మట్టి అర అంగుళం ఆరాకే అడుగు చిల్లులోంచి కారేదాకా పొయ్యండి. విజయవాడ ఎండల్లో రోజూ పొయ్యాల్సి రావచ్చు, ముసురు రోజుల్లో అక్కర్లేదు. తేదీలు చూసి పొయ్యడం మాత్రం వద్దు.

నీడలో ఉన్న మొక్కను ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకులు మాడతాయి. మొదట వెలుతురున్న నీడలో ఉంచి, పది రోజుల్లో మెల్లగా ఉదయపుటెండకు అలవాటు చెయ్యండి. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో గ్రీన్ నెట్ తప్పనిసరి.

కొత్త చిగుళ్లు వచ్చేదాకా ఎరువు వెయ్యకండి. వేళ్లు కత్తిరించి మట్టి మార్చే పని వానలు పడ్డాక, అదీ మొక్క బాగా కోలుకుంటేనే. ఇటుక ముక్కలు, ముతక ఇసుక, కాస్త వర్మీకంపోస్టు కలిపితే నీరు నిలవదు. కొమ్మకు ఆరేడు ఆకులు వచ్చాక రెండు మూడు ఉంచి కత్తిరించండి. ఈ మొక్కల్లో చాలావాటికి లావు మొదలు మీద చిన్నాకుల రకాన్ని అంటు కడతారు. అంటు కిందనుంచి పెద్దాకుల చిగురు వస్తే కనిపించిన వెంటనే గిల్లేయండి, లేకపోతే పైనున్న చిన్నాకుల కొమ్మలు వెనకబడిపోతాయి.