తమ్ముడి కోసం అక్క జెనెటిక్స్ చదవాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. బాబుకు తొమ్మిదేళ్లు, ఆటిజం ఉంది. మా వంశంలో ఇలాంటిది ఎవరికీ లేదు. దీనికి కారణమైన జన్యువును తానే కనిపెడతానని అమ్మాయి పట్టుబట్టింది. ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు జెనెటిక్ ఇంజినీరింగ్ బీటెక్‌లో సీటిస్తామంటున్నారు. అందులో చేర్చమంటారా, ఎంబీబీఎస్ కోసం లాంగ్ టర్మ్ పెట్టించమంటారా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ముందు మీ మూడో వాక్యం సంగతి చూద్దాం. కోర్సు గురించి అడగడానికి వంశం ఊసెందుకండీ? ఇలాంటి ఉత్తరాలు రాసే తండ్రులు ఆ మాట రాయకుండా ఉండలేరు. ‘మా వంశంలో లేదు’ అంటే ‘తల్లి వైపు నుంచే వచ్చింది’ అని మీ ఇంట్లో ఎవరో అంటున్నారన్నమాట. అమ్మాయి అది వింటూనే పెరిగింది. ఆమె వెతుకుతున్నది జన్యువును కాదు, తల్లి మీద పడ్డ నిందకు జవాబును అని నా అనుమానం.

ఆ జవాబు చాలావరకు దొరికే ఉంది. తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే ఆటిజం వస్తుందని ఒకప్పుడు పాశ్చాత్య వైద్యులే చెప్పేవారు. 1977లో బ్రిటన్‌లో 21 జతల కవలలను పరిశీలించాక జన్యువుల పాత్ర బయటపడింది. 2020లో వెలువడిన ఒక అధ్యయనం 35 వేల మందికి పైగా జన్యు సమాచారాన్ని జల్లెడ పట్టి 102 జన్యువులకు ఆటిజంతో సంబంధం ఉందని తేల్చింది. జాబితా అంతటితో అయిపోలేదు. చాలామంది పిల్లల్లో అమ్మానాన్నలిద్దరి నుంచీ వచ్చిన ఎన్నో చిన్న తేడాలు కలిసి పనిచేస్తాయి. కొందరిలో తల్లికీ తండ్రికీ లేని మార్పు బిడ్డలో కొత్తగా పుడుతుంది. వంశం లెక్కలు వేసేవారు ఇది కూడా వినాలి: అలా డీఎన్‌ఏలో ఒక్కో అక్షరం మారి కొత్తగా పుట్టే మార్పుల్లో ఎక్కువ భాగం తండ్రి వీర్యకణం నుంచే వస్తాయి, తండ్రి వయసుతో పాటు పెరుగుతాయి. మిమ్మల్ని దోషిని చేయడానికి కాదు, ఇందులో దోషి లేరని చెప్పడానికే.

ఇక బీటెక్. ఆ పేరు చూసి చేరిన పిల్లలు నాలుగేళ్లయ్యాక సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరానని ఫోన్ చేయడం నాకు అలవాటైపోయింది. ఉద్యోగం మంచిదే, దానికి ఇంత ఫీజు ఎందుకు కట్టినట్టు? బ్రోషరు మీద మెలితిరిగిన డీఎన్‌ఏ బొమ్మ చూసి మురిసిపోకండి. వాళ్ల విద్యార్థుల్లో ఎవరు ఎక్కడ పీహెచ్‌డీ చేస్తున్నారో అడగండి. మాట మార్చితే లేచి వచ్చేయండి.

జన్యువుల వేట అంటే మైక్రోస్కోపు ముందు కూర్చోవడం అనుకుంటారు. కాదు. మన డీఎన్‌ఏలోని సుమారు 300 కోట్ల అక్షరాల్లో ఏ తేడా ముఖ్యమో కంప్యూటర్ మీద గణాంకాలతో తేల్చే పని. లెక్కలంటే భయపడి బైపీసీ తీసుకున్న పిల్లకు అది నరకం. భయం లేకపోతే సైన్సు డిగ్రీకి కేంద్ర విద్యాసంస్థ తిరుపతి ఐసర్, ఆ తర్వాత పరిశోధనకు హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ సంస్థలు ఉన్నాయి. మామూలు బీఎస్సీ చదివినా ఉస్మానియాలో ఎమ్మెస్సీ జెనెటిక్స్ ఉంది, ఏ తలుపూ మూసుకుపోదు. డాక్టరు దారిలో ఎంబీబీఎస్, పిల్లల వైద్యంలో ఎండీ, ఆపైన మెడికల్ జెనెటిక్స్‌లో డీఎం అనే సూపర్ స్పెషాలిటీ. ఏ దారిలోనైనా ముప్పై ఏళ్లు వస్తాయి. అమెరికాలో హుదా జోగ్బీ అనే డాక్టరు రెట్ సిండ్రోమ్ (ఎక్కువగా ఆడపిల్లల్లో కనిపించే అరుదైన మెదడు ఎదుగుదల సమస్య) ఉన్న పాపను మొదటిసారి చూసింది 1983లో, ఆమె బృందానికి ఆ జన్యువు దొరికింది 1999లో. ఒకే జన్యువు వల్ల వచ్చే సమస్యకే పదహారేళ్లు! మీ అమ్మాయి చదువు పూర్తయ్యేసరికి బాబుకు ఇరవై దాటతాయి. వాడికి కావలసింది ఈ ఏడాది స్పీచ్ థెరపీ.

అమ్మాయిని ఒక్కటే అడగండి: తమ్ముడికి ఈ ఇబ్బంది లేకపోయినా ఇదే చదివేదానివా? అవునంటే అడ్డు చెప్పకండి. కాదంటే ఆమె భుజం మీద నుంచి ఆ బరువు దించండి, నచ్చింది చదువుకోనివ్వండి. తమ్ముడి మీద ప్రేమేమీ తగ్గదు.

బాబుకు జన్యు పరీక్ష అవసరమో కాదో మెడికల్ జెనెటిక్స్ డాక్టరును అడగాలి, హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. ‘ఈ మార్పుకు అర్థం ఇంకా తెలియదు’ అని రిపోర్టు రావచ్చు, దానికి సిద్ధపడే వెళ్లండి. భార్యను ఒక్కదాన్నే పంపకండి, మీరూ వెళ్లి ఆమె పక్కన కూర్చోండి.