సొంతగడ్డ మీద కాళ్లెందుకు బరువెక్కుతాయి?

సొంత అభిమానుల ముందు మన జాతీయ ఫుట్‌బాల్ జట్టు ఆడే ఆట గురించి ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. కొన్నిటికి ఇక్కడ జవాబులు.

ప్రశ్న: 2024 జూన్ 6న కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో కువైట్‌తో మన కెప్టెన్ సునీల్ ఛెత్రి వీడ్కోలు మ్యాచ్ జరిగింది. దాదాపు 59 వేల మంది వచ్చారు. అంతమంది గొంతు చించుకున్నా 0-0. సొంతగడ్డ బలం అంటారే, అదేమైనట్టు?
(ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: బలం ఎక్కడికీ పోలేదండీ, ఆ రోజు కావలసిన పనికి అది పనికిరాలేదు. గ్యాలరీ అరుపు పరుగుకు పనికొస్తుంది, అవతలివాడి కాళ్ల దగ్గర బంతి లాక్కునే ట్యాక్లింగ్‌కు పనికొస్తుంది, జారిపోయిన బంతి వెంటపడడానికి ఇంకా బాగా పనికొస్తుంది. గోల్ దగ్గరి పెనాల్టీ బాక్సు ముందు ఎనిమిది మంది గోడకట్టి నిలబడితే వాళ్ల మధ్యనుంచి బంతిని జార్చడానికి కావలసింది మాత్రం నిదానం. అరుపు ఇవ్వలేనిది అదొక్కటే.

2019లో నెల తేడాతో జరిగిన రెండు మ్యాచ్‌లు చూడండి. సెప్టెంబర్ 10న దోహాలో, అప్పటి ఆసియా చాంపియన్ ఖతార్‌ను వాళ్ల సొంత జనం ముందే మనవాళ్లు 0-0తో ఆపారు. ఆ రోజు ఛెత్రి కూడా ఆడలేదు. అక్టోబర్ 15న అదే జట్టు సాల్ట్‌లేక్‌లో కిక్కిరిసిన జనం ముందు, ర్యాంకుల్లో మనకంటే చాలా కిందనున్న బంగ్లాదేశ్‌తో 1-1. అదీ 88వ నిమిషంలో కార్నర్‌కు ఆదిల్ ఖాన్ తల తగిలించబట్టి గట్టెక్కాం. దోహాలో బంతి ఖతార్ దగ్గర ఉంది. మనవాళ్లు రెండు వరుసలు కట్టి కాచుకున్నారు, సందు దొరికినప్పుడు దూసుకెళ్లారు. కోల్‌కతాలో ఆ పని బంగ్లాదేశ్ చేసింది. బంతి మన చేతికొచ్చింది, దాంతో ఏం చేయాలో తెలియలేదు.

ఇక్కడే గ్యాలరీ కథలోకి వస్తుంది. డిఫెండర్ బంతిని పక్కకో వెనక్కో ఇస్తే జనం ఉసూరుమంటారు. గోడను అటూ ఇటూ జరిపి పగుళ్లు తేవడానికి ఆ వెనక్కిచ్చే పాసే అవసరం. కానీ ఆ నిట్టూర్పు రెండుసార్లు విన్నవాడు మూడోసారి బంతిని గాల్లోకి పొడుగ్గా తంతాడు. చప్పట్లు పడతాయి. అవతలి పొడుగాటి డిఫెండర్ తాపీగా తలతో తిప్పికొడతాడు. రెండు అంచుల్లో కాపలా కాసే మన ఫుల్‌బ్యాక్‌లిద్దరూ అప్పటికే ముందుకు వెళ్లిపోయి ఉంటారు, వాళ్ల వెనక మైదానం ఖాళీ.

మరి జనం ముందు బాగా ఆడిన రోజు లేదా అంటే, ఉంది. 2022 జూన్ 14, అదే సాల్ట్‌లేక్, హాంకాంగ్‌పై 4-0. మ్యాచ్ మొదలయ్యేలోపే వేరేచోట ఫిలిప్పీన్స్ ఓడడంతో ఆసియా కప్ బెర్తు ఖాయమైపోయింది. మెడ మీద కత్తి లేదు. రెండో నిమిషంలోనే అన్వర్ అలీ గోల్ కొట్టాడు. తొలి గోల్ త్వరగా పడిందా, జనం మన జట్టుకు పన్నెండో ఆటగాడు. పడలేదా, అరవయ్యో నిమిషం దాటాక అదే జనం అవతలి జట్టుకు మేలు చేస్తారు. ఇది మా అభిప్రాయం, కాదనేవాళ్లూ ఉన్నారు.

ప్రశ్న: అంత గోలలో ఆటగాళ్లకు ఒకరి మాట ఒకరికి వినిపిస్తుందా?
(ఒక పాఠకురాలు, నిజామాబాద్)

జవాబు: పది గజాలు దాటితే కష్టమే. గోల్‌కీపర్ ‘నాదే’ అని అరిచినా అతని ముందు నడిమిలో కాపలా కాసే సెంటర్‌బ్యాక్‌కు వినపడదు. ఇద్దరూ ఒకే బంతికి వెళ్లడం, లేదా ఇద్దరూ ఆగిపోవడం అలాగే జరుగుతుంది. అందుకని అరుపు మీద ఆధారపడే పనులన్నీ చేతి సైగలకు మారతాయి. కార్నర్ తీసేవాడు ఒక చెయ్యెత్తితే దగ్గరి గోల్ స్తంభానికి, రెండూ ఎత్తితే దూరపు స్తంభానికి అన్నట్టు జట్టు ముందే ఒప్పందం చేసుకుంటుంది. కోచ్ మాట బెంచీ వైపు అంచున ఆడుతున్న వింగర్‌కు చేరుతుంది; అతను లోపలివాళ్లకు అందిస్తాడు. సగం ఆట తర్వాత వైపులు మారతాయి కాబట్టి, రెండో సగంలో ఆ పని ఎవరిదో విరామంలోనే చెప్పుకోవాలి. ఇది మరిచిపోయే జట్లు చాలా ఉన్నాయి.

మైదానం కట్టిన తీరు కూడా చూడాలి. సాల్ట్‌లేక్, బెంగళూరు కంఠీరవ, మన గచ్చిబౌలి మూడింట్లోనూ చుట్టూ రన్నింగ్ ట్రాక్ ఉంది. ఒక్కో లేన్ 1.22 మీటర్లు, ఎనిమిది లేన్లంటే దగ్గరదగ్గర పది మీటర్లు. గోల్ వెనక వంపు వల్ల జనం ఇంకా దూరమవుతారు. ముంబయిలో అంధేరి మైదానానికి ట్రాక్ లేదు. అక్కడ కొన్ని వేల మందే పట్టినా అరుపు చెవి పక్కనే ఉన్నట్టుంటుంది.

ప్రశ్న: మా అబ్బాయి రాష్ట్ర జట్టుకు ఎంపికయ్యాడు, మ్యాచ్ మా ఊళ్లోనే. బయట బాగా ఆడేవాడు ఇక్కడ పది నిమిషాలకే ఆయాసపడుతున్నాడు. స్టామినా తగ్గిందా?
(ఒక తండ్రి, అనంతపురం)

జవాబు: బయట బాగా ఆడుతున్నాడంటే స్టామినా అనుమానం పక్కన పెట్టండి. తెలిసినవాళ్లు చూస్తున్నారన్న ఉద్వేగంలో గుండె మ్యాచ్‌కు ముందే పరుగు మొదలెడుతుంది. దానికి తోడు మొదటి ఐదు నిమిషాల్లో అవసరం లేని బంతులకు కూడా పూర్తి వేగంతో పరిగెత్తి ఉంటాడు. జాతీయ జట్టు ఆటగాళ్లకూ ఈ తిప్పలు తప్పవు. వాళ్లు సర్దుకునే పద్ధతి నేర్చుకున్నారు, అంతే.

ఆ పద్ధతి ఇది. మ్యాచ్‌కు గంటన్నర ముందు మామూలు బట్టల్లో మైదానమంతా ఒకసారి నడవాలి. గడ్డి ఎక్కడ తడిగా ఉందో, బంతి ఎక్కడ గెంతుతుందో చూసుకోవడం ఒక పని. ఖాళీ గ్యాలరీ నిండడం మెల్లగా కంటికి అలవాటు పడడం రెండోది. మనవాళ్లు ఎక్కడ కూర్చున్నారో వార్మప్‌లోనే ఒక్కసారి చూసి చెయ్యి ఊపేయాలి; ఆట మధ్యలో వెతుక్కోకూడదు. డ్రెస్సింగ్ రూమ్ నుంచి బయటికొచ్చే ముందు నాలుగు సెకన్లు గాలి పీల్చి ఆరు సెకన్లు వదలడం, ఇలా ఆరేడు సార్లు. జాతీయగీతం ఉండే మ్యాచ్‌లో ఆ 52 సెకన్లు కూడా ఊపిరిని దారికి తెచ్చుకోవడానికే. ఆట మొదలయ్యాక తొలి మూడు బంతులు అయిదారు గజాల్లో ఉన్న సహచరుడికి, వీలైతే ఒక్క టచ్‌లోనే ఇచ్చేయాలి. బంతిని కాళ్లతో ఆడిస్తూ అవతలివాళ్లను తప్పించుకెళ్లే డ్రిబ్లింగ్ తర్వాత.

ఇక మీరు చేయాల్సింది. మ్యాచ్ చూసే పాసుల కోసం చుట్టాలు ఫోన్ చేస్తే మీరే ఎత్తండి, ముందు రోజు సాయంత్రానికే ఆ గొడవ ముగించండి. మ్యాచ్ పొద్దున ‘బాబూ, ఇంకో రెండు పాసులు’ అన్న ఫోన్ పాడు చేసినంతగా ప్రత్యర్థి కూడా పాడు చేయడు. గ్యాలరీ నుంచి సలహాలు అరవకండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో మన జట్టు రికార్డు ఎలా ఉంది?
(ఒక పాఠకుడు, సికింద్రాబాద్)

జవాబు: తీపీ చేదూ రెండూ. 2003 ఆఫ్రో-ఆసియా క్రీడల ఫైనల్లో ఉజ్బెకిస్తాన్ చేతిలో 0-1తో ఓడి రజతం. 2008లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఎఫ్‌సీ) చాలెంజ్ కప్‌లో ఇక్కడ అఫ్గానిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్‌లను, సెమీస్‌లో మయన్మార్‌ను ఓడించాం. వానలకు పిచ్ పాడవడంతో ఫైనల్ ఢిల్లీకి తరలిపోయింది. అక్కడ ఛెత్రి హ్యాట్రిక్‌తో తజికిస్తాన్‌పై 4-1. కప్ మన ఊళ్లో ఎత్తాల్సింది, వాన ఎత్తుకుపోయింది. 2024లో గచ్చిబౌలిలో మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3, మలేషియాతో 1-1.

ప్రశ్న: జనమే లేకుండా ఆడితే సొంతగడ్డ లాభం పోతుందా?
(ఒక విద్యార్థి, విజయవాడ)

జవాబు: పూర్తిగా పోదు, తగ్గుతుంది. కోవిడ్ కాలంలో యూరప్ లీగ్‌లు ఖాళీ స్టేడియాల్లో జరిగినప్పుడు సొంత జట్ల గెలుపులు తగ్గాయి. అవతలి జట్టుకు ఎక్కువగా పడే పసుపు కార్డుల తేడా కూడా తగ్గింది. అంటే గ్యాలరీ ప్రభావం రిఫరీల మీదా ఉందన్నమాట.

ప్రశ్న: మ్యాచ్‌కు ఈల తీసుకెళ్లొచ్చా?
(ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: నోటితో వేసే ఈల మీ ఇష్టం. ప్లాస్టిక్ ఈల మాత్రం ఇంట్లో పెట్టి రండి. రిఫరీ ఊదాడనుకుని మన డిఫెండర్ ఆగిపోవచ్చు, బంతిని చేత్తో పట్టుకోనూవచ్చు. గ్యాలరీ ఈల వల్ల ఆట చెడిందని రిఫరీ భావిస్తే ఆట ఆపి, తానే బంతిని నేలకు వదిలే డ్రాప్ బాల్‌తో మళ్లీ మొదలుపెడతాడు. ఆ క్షణంలో గోల్‌కు వెళ్తున్నది మన ఫార్వర్డే అయితే, ఆ దాడి మీ ఈలతోనే ఆగిపోయినట్టు.