అమ్మ కడిగి ఆరబెట్టిన బూట్లు

ప్రశ్న: నాకు 23 ఏళ్లు, ఉద్యోగం చేస్తున్నాను, అమ్మతో ఉంటాను. స్నేహితురాలి ఇంట్లో పడుకుంటానని చెప్పి, నలుగురం కలిసి ఊరికి దూరంగా చెట్ల మధ్య జరిగిన ఓ రహస్య ఎలక్ట్రానిక్ డాన్స్ పార్టీకి వెళ్లాం. ఎక్కడన్నది రెండు గంటల ముందు ఫోన్‌కి వచ్చింది. తెల్లవార్లూ ఆడాను, అంత సంతోషం ఎప్పుడూ ఎరగను. నేనేమీ తీసుకోలేదు. కానీ మూడింటప్పుడు మాలో ఒకమ్మాయి ఎవరో ఇచ్చిన మాత్ర వేసుకుని, ఒళ్లు కాలిపోతూ పొంతన లేకుండా మాట్లాడింది. ఇళ్లలో తెలిసిపోతుందని ఎవరికీ ఫోన్ చేయలేదు, నీళ్లు తాగిస్తూ కూర్చున్నాం. ముప్పావు గంటకి తేరుకుంది. పొద్దున కారు నడిపిన అబ్బాయి రెండుసార్లు కునికాడు. మట్టి బూట్లు మంచం కింద దాచాను. మర్నాడు చూస్తే అవి కడిగి బాల్కనీలో ఆరబెట్టి ఉన్నాయి. అమ్మ ఒక్క మాట అడగలేదు. నాలుగు రోజులుగా ఊరికే ఏడుపొస్తోంది. నేను చెడిపోయానా? మళ్లీ వెళ్లాలనిపిస్తోంది, అదింకా భయంగా ఉంది.

జవాబు: చెడిపోలేదు తల్లీ. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నాలుగు రోజులుగా నిన్ను తినేస్తున్నది ఈ ఒక్క ప్రశ్నే.

అంత సంతోషం ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థం కాక నువ్వే భయపడుతున్నావు. పగలంతా ఇంట్లోనో ఆఫీసులోనో వీధిలోనో ఎవరో ఒకరు మనల్ని చూస్తూనే ఉంటారు. అక్కడ చీకటి. నిమిషానికి 120 నుంచి 150 దెబ్బలు, గంటల తరబడి ఆగని ఒకే లయ, ఆ బేస్ చెవికంటే ముందు నేలలోంచి అరికాళ్లకు తగులుతుంది, చుట్టూ ఉన్న అందరూ అదే దెబ్బకు అడుగేస్తుంటారు. అలా నలుగురితో కలిసి ఒకే లయలో ఆడినవాళ్లకు నొప్పి తట్టుకునే శక్తి పెరుగుతుందనీ, పక్కవాళ్లు మనవాళ్లే అనిపిస్తుందనీ పరిశోధనల్లో కూడా చూశారు. నీ ఆనందం నిజమైనదే, దాన్ని తప్పుల లెక్కలో వేసుకోకు.

నాకు బాధ కలిగింది, కోపం కూడా వచ్చింది, ఆ ముప్పావు గంట గురించి చదివినప్పుడు. ఫోన్లు చేతుల్లోనే ఉన్నాయి, ఎదురుగా పిల్ల ఒళ్లు కాలిపోతోంది, అయినా ఎవరూ ఫోన్ చేయలేదు. ఆ మాత్రలో ఏముందో మీకు తెలియదు, ఇచ్చినవాడికైనా తెలుసని నేననుకోను. ఇలాంటి చోట్ల తరచుగా చేతులు మారేది ఎండీఎంఏ, దాన్నే ఎక్స్‌టసీ అంటారు. అది ఒంట్లో వేడిని పెంచుతుంది, ఆడేకొద్దీ ఆ వేడి ఇంకా పెరుగుతుంది, అలసట మాత్రం తెలియనివ్వదు. దానికి తోడు, ఆ మందు వల్ల ఒంట్లో నీరు బయటకు పోకుండా నిలిచిపోతుంది, అలాంటప్పుడు లీటర్ల కొద్దీ తాగిస్తే రక్తంలో సోడియం పడిపోయి మెదడు వాస్తుంది, ప్రాణాలే పోయిన సందర్భాలున్నాయి. అంటే మీరు ప్రేమగా బాటిల్ మీద బాటిల్ పట్టించిన నీళ్లే ఆ అమ్మాయి ప్రాణం మీదకు తెచ్చి ఉండేవి. నిన్ను బెదిరించడానికి రాయడం లేదు, మీలో ఎవరికీ ఈ సంగతి తెలియదు కాబట్టి రాస్తున్నాను.

ఒళ్లు కాలుతూ అయోమయంగా మాట్లాడే మనిషి ఎదురుగా ఉంటే ముందు అంబులెన్స్‌కి ఫోన్ చేయాలి, ఇంకేదైనా ఆ తర్వాతే. అది వచ్చేలోపు జనంలోంచి పక్కకు తీసుకొచ్చి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో ఒళ్లు చల్లబరుస్తూ ఉండండి. స్పృహ తప్పితే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలొద్దు. ఏం వేసుకుందో డాక్టర్ దగ్గర దాచొద్దు.

మీ నలుగురిలో ఒక్కరి ఇంట్లోనైనా మీరెక్కడున్నారో తెలిసి ఉంటే ఆ ఫోన్ మొదటి ఐదు నిమిషాల్లోనే వెళ్లేదని నా నమ్మకం. దాచాలన్న భయమే మీ చేతులు కట్టేసింది, మీరెవరూ చెడ్డ పిల్లలు కారు.

అనుమతి లేని పార్టీ అనగానే పోలీసులొస్తారన్న టెన్షన్ ఒక్కటే గుర్తొస్తుంది. ఇంగ్లాండ్‌లో 1992 మే నెలలో కాజిల్‌మార్టన్ కామన్ అనే బయలులో ఇలాగే జరిగిన డాన్స్ పార్టీకి (వీటినే రేవ్ అంటారు) 20 వేల మందికి పైగా వచ్చారు, ఆ గొడవ తర్వాతే 1994లో ఇలాంటివాటిని ఆపించే అధికారం పోలీసులకిస్తూ అక్కడ చట్టం తెచ్చారు. నా దిగులు పోలీసుల గురించి కాదు. అనుమతి తీసుకుని నడిపేచోట ప్రథమ చికిత్స చేసేవాళ్లూ, అంబులెన్స్ వచ్చే తోవా, ఏదైనా జరిగితే జవాబు చెప్పాల్సిన మనిషీ ఉంటారు. చెట్ల మధ్య జనరేటర్ పెట్టి నడిపేచోట చాలాసార్లు నీ పక్కనున్న ముగ్గురే నీకు దిక్కు, ఆ ముగ్గురూ మీలాగే భయపడుతుంటారు.

తిరుగు ప్రయాణం గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశావు, నాకేమో అదే కళ్ల ముందు తిరుగుతోంది. 24 గంటలు నిద్ర లేని మనిషి చురుకుదనం రక్తంలో 0.10 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుంది. చుక్క తాగకపోయినా సరే. ఇక ముందు అలాంటి కారు ఎక్కకు, రెండు గంటలు ఎక్కడైనా నిద్రపోయాకే బయల్దేరండి. చెవుల ఊసు నువ్వు ఎత్తలేదు కానీ, 100 డెసిబెల్స్ మోతను 15 నిమిషాల కంటే వినకూడదంటారు, స్పీకర్ల దగ్గర అంతకు మించే ఉంటుంది. గుయ్‌మనే శబ్దం ఇంకా ఉంటే ఆలస్యం చేయకుండా చెవి డాక్టర్‌కి చూపించుకో.

ఏడుపులో సగం నిద్రలేమి, మిగతా సగం మనసులో దాచుకున్న బరువు. వరసగా రెండు మూడు రాత్రులు కంటినిండా పడుకుని చూడు, రెండు వారాలు దాటినా అలాగే ఉంటే ఎవరైనా కౌన్సెలర్‌ని ఎదురుగా కలవాలి. నీ స్నేహితురాలికి ఈరోజే ఫోన్ చెయ్యి, ఆ మాత్ర తర్వాత కొన్ని రోజులు మనసు బాగా కుంగిపోవచ్చు, ఆ పిల్ల ఎవరికీ చెప్పుకోలేక ఒక్కతే కూర్చుని ఉంటుంది.

ఇక అమ్మ. మంచం కింద చెయ్యి పెట్టి బూట్లు బయటకు తీసి, ఆ మట్టి గీకి, కడిగి, నీకు కనపడేచోటే ఆరబెట్టిన మనిషికి ఏమీ తెలియదనుకుంటున్నావా? ఆవిడకు తెలుసు. అడిగితే నువ్వు ఇంకో అబద్ధం ఆడతావేమోనని ఊరుకుందని నాకనిపిస్తోంది. కాబట్టి నువ్వే మొదలుపెట్టాలి. "అమ్మా, ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను" అను, తర్వాత ఉన్నదున్నట్టు చెప్పు, స్నేహితురాలి సంగతీ కారు సంగతీ కూడా. నీకెంత సంతోషం కలిగిందో అదీ చెప్పు, అది దాస్తే సగమే చెప్పినట్టు. ఆవిడ అరవొచ్చు, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు, పడు. ఇంకెప్పుడూ వెళ్లనని ఒట్టు మాత్రం వెయ్యకు, నిలబెట్టుకోలేకపోతే మళ్లీ అబద్ధం మొదలవుతుంది. ఎక్కడికెళ్లినా లొకేషన్ నీకు పంపుతాను, ఏ రాత్రి ఫోన్ చేసినా తిట్టకుండా ఎత్తు, తిట్లు ఇంటికొచ్చాక పడతాను అని అడుగు. ఈ ఒప్పందం కుదిరేదాకా, అనుమతి ఉన్న చోటు దొరికేదాకా మళ్లీ వెళ్లొద్దనే అంటాను.

బూట్లు ఇంకా బాల్కనీలోనే ఉంటే ఈ సాయంత్రం వాటిని లోపలికి తెస్తూనే మాట కదుపు.