గుజ్జు పెంచబోయే మేనకోడలికి

హనుమకొండ,
ఆదివారం

బిడ్డా,

నీకు హైదరాబాద్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వచ్చిందని, మోకాలి గుజ్జు (కార్టిలేజ్) పెంచే ల్యాబ్‌లో చేరుతున్నావని మీ బాపు నిన్న ఫోన్ చేసి చెప్పాడు. సంతోషం పంచుకోవడం అయ్యాక కాసేపు ఆగి, "అయితే అక్కా, మా మోకాళ్ళు బాగైతయా?" అని అడిగాడు. పత్తి చేన్లో వంగి వంగి అరిగిన మోకాళ్ళు కదా, అడగడంలో తప్పేం లేదు. ఇకనుంచి ఆ ప్రశ్న నిన్నూ అడుగుతారు. దాని సంగతి తర్వాత రాస్తాను. ముందు పని సంగతి.

మూలకణాల (స్టెమ్ సెల్స్) థియరీ నాకంటే నీకే ఎక్కువ తెలుసు. నేను 28 ఏళ్ళు కణాలు పెంచే కల్చర్ రూంలో టెక్నీషియన్‌గా చేసినదాన్ని. ఫ్లాస్కులో కణాలు ఎందుకు బతుకుతాయో, ఎందుకు చస్తాయో అంతవరకే నా చదువు.

మొదటి మూడు నెలలు ప్రయోగాలకు ఆరాటపడకు. కణాలను బతికించడం నేర్చుకో. 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ అని పుస్తకంలో ఒక్క ముక్కలో ఉంటుంది. ఇంక్యుబేటర్ తలుపు ఊరికే తెరిచి మూస్తుంటే ఆ రెండూ ఉండవు. చేతులకు, కణాల పని చేసే హుడ్‌కు (శుభ్రమైన గాలి వీచే పెట్టెకు) కొట్టే ఆల్కహాల్ 70 శాతమే ఉండాలి. ఘాటు ఎక్కువైతే ఇంకా బాగా చంపుతుందని మా ల్యాబ్‌లో ఒకమ్మాయి నీళ్ళు కలపకుండా వాడేది. ప్యూర్ ఆల్కహాల్ చిటికెలో ఆరిపోతుంది, సూక్ష్మజీవి పైపైన గడ్డకట్టి ఊరుకుంటుంది. లోపలిదాకా పోవాలంటే ఆ నీళ్ళు కావాల్సిందే.

కణాలకు పండగలు తెలియవు. ఆ 28 ఏళ్ళలో సద్దుల బతుకమ్మ నాడు నేను ఇంట్లో ఉన్నది పదిసార్లు కూడా లేదు, మీడియం (కణాలకు తిండి పెట్టే ద్రవం) మార్చాలని పరిగెత్తేదాన్ని. నువ్వట్లా చేయకు. పండక్కి ముందే కణాలను ఫ్రీజ్ చేసి లిక్విడ్ నైట్రోజన్‌లో దించి రా. మైనస్ 196 డిగ్రీల్లో అవి ఎన్నేళ్ళయినా ఉంటాయి. కాకపోతే నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున మెల్లగా చల్లారనివ్వాలి. తొందరపెడితే కణం లోపలే మంచు పలుకులు కడతాయి.

ఇక కంటామినేషన్, అంటే కణాల్లోకి సూక్ష్మజీవులు చొరబడడం. ఎర్రగా ఉన్న మీడియం తెల్లారేసరికి పసుపు రంగుకు మారి మసకగా కనిపిస్తే బాధపడకు, అది కంటికి కనబడే శత్రువు. పారేసి మళ్ళీ మొదలుపెడతావు. భయపడాల్సింది మైకోప్లాస్మా అనే అతిచిన్న బ్యాక్టీరియాకు. మామూలు మైక్రోస్కోప్‌లో కనిపించదు, మీడియం రంగు మారదు, కణాలు చావవు. కొంచెం నీరసంగా పెరుగుతాయి, అంతే.

ఇది నా చేతుల మీదుగానే జరిగింది కాబట్టి రాస్తున్నాను. ఒకసారి వేరే ల్యాబ్ నుంచి ఒక ఫ్లాస్క్ వచ్చింది. విడిగా పెట్టి టెస్ట్ చేయాలని తెలుసు. ఆ రోజు కాజీపేట రైలు అందుకోవాలన్న హడావిడిలో మా కణాల పక్కనే పెట్టేసి వచ్చాను. తర్వాత కణాలు నెమ్మదించాయి. సీరం బ్యాచ్ బాగాలేదన్నాం, మార్చాం. పిపెట్లు మార్చాం. నెమ్మదించడమే మా మందు ప్రభావం అని కూడా రాసుకున్నాం! ఎనిమిది నెలల తర్వాత కొత్తగా చేరిన ఒక స్టూడెంట్ పీసీఆర్ (డీఎన్ఏ టెస్ట్) చేసి చూస్తే అన్ని ఫ్లాస్కుల్లోనూ మైకోప్లాస్మా. దాదాపు పూర్తయిన పేపర్ పక్కన పడింది. ఆ ఫ్లాస్క్ సంగతి మా సార్‌కు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది, ఆ రెండు రాత్రులూ నిద్ర లేదు. చెప్పాక ఆయన తిట్టలేదు, అదింకా కష్టమనిపించింది.

కాబట్టి కొత్త కణాలు ఏవొచ్చినా టెస్ట్ అయ్యేదాకా వేరే ఇంక్యుబేటర్‌లోనే ఉండాలి. ఉన్నవాటికి నెల నెలా టెస్ట్. పెన్సిలిన్ వేశాం కదా అని ధీమాగా ఉండకు. పెన్సిలిన్ దెబ్బతీసేది కణకవచాన్ని, మైకోప్లాస్మాకు అసలు కవచమే లేదు.

నీ పని విషయానికొస్తే, గుజ్జు పెంచడం పైకి సులువుగానే కనిపిస్తుంది. రక్తనాళాలు ఉండవు. మామూలు కండరమో కాలేయమో అయితే సన్నని రక్తనాళానికి మిల్లీమీటరులో ఐదో వంతు కంటే ఎక్కువ దూరం జరిగితే కణానికి ఆక్సిజన్ సరిగా అందదు. అందుకే చర్మం, కంటి పొర లాంటి పల్చటివి ముందు సాధ్యమయ్యాయి, మందపాటి అవయవాలు ఇంకా సాధ్యం కాలేదు. గుజ్జుకు ఆ బాధ లేదని ఇంజనీర్లు సంబరపడ్డారు. స్వీడన్‌లో 1994లోనే 23 మందికి వాళ్ళ సొంత గుజ్జు కణాలనే పెంచి మోకాళ్ళలో పెట్టారు. కానీ ఆ నాళాలు లేకపోవడం వల్లే గుజ్జు తనంతట తాను మానదు. ఇంకో చిక్కు, బల్లపరుపు ఫ్లాస్కులో పెంచితే గుజ్జు కణం తన పని మర్చిపోతుంది. టైప్ 2 కొల్లాజెన్ చేయాల్సింది టైప్ 1 చేస్తుంది, అంటే మచ్చ లాంటి పదార్థం. జెల్‌లో గుండ్రంగా ఉంచితే మళ్ళీ గుర్తు తెచ్చుకుంటుంది. ఎన్ని పాసేజ్‌లు అయ్యాయో, అంటే కణాలను ఎన్నిసార్లు కొత్త ఫ్లాస్కులోకి మార్చామో, ప్రతి ఫ్లాస్క్ మీద రాయమని పోరేది ఇందుకే.

స్కాఫోల్డ్‌లు (కణాలు పట్టుకుని పెరిగే, చిల్లులున్న చట్రాలు) చేసేటప్పుడు నీకు రామప్ప ఇటుకలు గుర్తొస్తాయి, నాకూ వచ్చేవి. అక్కడ ఇటుక నీళ్ళలో తేలడం గొప్ప. నీ స్కాఫోల్డ్ మీడియంలో తేలితే మాత్రం లోపల గాలి చిక్కుకుందని, కణాలు పైపైనే మిగిలిపోతాయని అర్థం. ముందు ఆల్కహాల్‌లో తడిపి, బఫర్‌తో (కణాలకు హాని చేయని ఉప్పు ద్రావణం) బాగా కడిగి, ఆ తర్వాతే కణాలు వేయి.

ఏదైనా పనిచేసినట్టు కనిపిస్తే, అందులోంచి ఒక్కొక్కటీ తీసేసి చూడు. జపాన్ శాస్త్రవేత్త యమనాకా ల్యాబ్‌లో 24 జన్యువులు కలిపి వేస్తే చర్మకణం మూలకణంలా మారింది. వాళ్ళు అక్కడ ఆగలేదు. ఒక్కో జన్యువును తీసేస్తూ పోయి చివరికి నాలుగు మిగిల్చారు. అది 2006. 2012లో నోబెల్ వచ్చింది. మన హైదరాబాద్‌లోనే ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి సంగతి చూడు. పాన్‌లో వేసే సున్నం పడి కన్ను కాలిన పిల్లలు మన దగ్గర తక్కువేం కాదు. 2001 నుంచి వాళ్ళు బాగున్న కంటి అంచు నుంచి మూలకణాలు తీసి, ప్రసవంలో వచ్చే ఉమ్మనీటి పొర మీద ల్యాబ్‌లో పెంచి కంటికి వేసేవారు. 2012లో డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్ బృందం ల్యాబ్‌నే తీసేసింది. రెండు మిల్లీమీటర్ల ముక్కను చిన్న చిన్న పలుకులుగా కోసి, ఆ పొర మీద నేరుగా కంట్లోనే పెడితే అక్కడే పెరుగుతాయని చూపించింది. అంటే నాలాంటి వాళ్ళ పనే తీసేశారు! నాకు మాత్రం ఆ పేపర్ అంటే ఇష్టం.

నోట్‌బుక్ పెన్నుతో రాయి, అదే రోజు రాయి, కొట్టివేతలు కనబడనివ్వు. గైడ్ గురించి నేనేం చెప్పను, అది నీ అదృష్టం.

ఇక మీ బాపు ప్రశ్న. నువ్వు చేరిన వారానికే ఊళ్ళోంచి ఫోన్లు మొదలవుతాయి. "ఒక్క ఇంజెక్షన్‌తో గుజ్జు కొత్తగా వస్తదట, లక్ష కడితే చాలట, నువ్వేమంటవ్?" అని. వాళ్ళు విన్న పేరు మెసెంకైమల్ స్టెమ్ సెల్స్. ఆ పేరు పెట్టిన ఆర్నాల్డ్ కాప్లానే 2017లో పేరు మార్చండి మొర్రో అని రాశాడు. శరీరంలో అవి కొత్త కణజాలంగా మారడం కంటే, చుట్టూ ఉన్న కణాలకు సంకేతాలు పంపడమే ఎక్కువట. నువ్వు ల్యాబ్‌లో ఉన్నావు కాబట్టి నీ "ఏమో, చూద్దాం" అన్న మాట కూడా వాళ్ళకు "సరే" లాగే వినబడుతుంది. తలూపకు. రెండు ప్రశ్నలు చెప్పి అడిగి రమ్మను. ఈ జబ్బుకే దీనికి డ్రగ్స్ కంట్రోలర్ అనుమతి ఉందా? లేకపోతే ఇది సీటీఆర్ఐలో (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నమోదైన ట్రయలా? ట్రయల్ అయితే పేషెంట్ దగ్గర డబ్బులు తీసుకోకూడదని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లోనే ఉంది. రక్త జబ్బులకు చేసే ఎముక మజ్జ మార్పిడి వేరు, అది ఎప్పటినుంచో ఉన్న వైద్యం. మన ఏజెన్సీలో సికిల్ సెల్ ఉన్న పిల్లల తల్లిదండ్రులు అడిగితే దాన్నీ దీన్నీ కలిపి కొట్టిపారేయకు, పెద్దాసుపత్రిలో రక్త జబ్బుల డాక్టర్ దగ్గరికి పంపు.

మీ బాపుకు నేను "ఇప్పుడప్పుడే కాదు తమ్ముడూ, బరువు తగ్గు, డాక్టర్ చెప్పిన వ్యాయామం చెయ్" అన్నాను. కాస్త చిన్నబుచ్చుకున్నాడు. నువ్వూ అదే చెప్పు, ఇద్దరం ఒకే మాట మీద ఉంటే వింటాడు.

ఆయన చేతికి ఒక డబ్బా ఇస్తున్నాను. సకినాల కింద, గుడ్డలో చుట్టి నా పాత హీమోసైటోమీటర్ (కణాలు లెక్కపెట్టే గాజు పలక) ఉంది. దానితో వచ్చిన కవర్ గ్లాస్ మందంగా ఉంటుంది, అది పగిలితే మామూలుది పెట్టకు. పల్చటిది వంగుతుంది, లెక్క తప్పుతుంది. సకినాలు కల్చర్ రూం బయటే తిను.

నీ అత్త