ముందు గడ్డం ఎత్తండి

(ఊపిరికి సంబంధించిన అత్యవసర పరిస్థితులపై పాఠకుల ప్రశ్నలకు కోనసీమలో ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్న మత్తు డాక్టరమ్మ జవాబులు)

ప్రశ్న: డాక్టరు గారూ, మాది పి.గన్నవరం దగ్గర కాలువగట్టు ఊరు. నేను బడిపంతుల్ని. మొన్న బట్టలుతికే రేవులో ఏడేళ్ల పిల్లాడు జారిపోయాడు. పైకి తీసేసరికి చలనం లేదు. పెద్దవాళ్లు బోర్లా వేసి పొట్ట నొక్కారు. ఒకాయన కాళ్లు పట్టుకుని తలకిందులుగా తిప్పాడు. కాసిని నీళ్లు, తిన్న అన్నం బయటికొచ్చాయి. కాసేపటికి పిల్లాడు దగ్గి ఏడ్చాడు. నీళ్లు కక్కించబట్టే బతికాడని ఊరంతా అంటోంది. నిజమేనా? మా బడిపిల్లలకు ఏం నేర్పమంటారు?

జవాబు: మాస్టారూ, ఏడ్చాడన్న మాట దగ్గరికొచ్చాక గానీ నా మనసు కుదుటపడలేదు. కానీ ఊరివాళ్ల లెక్క తప్పండి. పొట్ట నొక్కినా కూడా ఆ పిల్లాడు బతికాడు. గుండె ఇంకా కొట్టుకుంటూ ఉండి ఉంటుంది, ఊపిరి దానంతటదే అందుకుంది.

మునిగినవాడు మింగిన నీళ్లు పొట్టలో ఉంటాయి. పొట్ట నొక్కితే వచ్చేవి అవే, వాటితోపాటు అన్నమూ పులుపూ వస్తాయి. స్పృహ లేనివాడికి దగ్గు రాదు కాబట్టి ఆ వచ్చినది గాలిగొట్టంలోకి దిగిపోతుంది. ఊపిరితిత్తుల్లోకి వెళ్లే నీళ్లు మాత్రం మనం అనుకున్నంత ఉండవు. నొక్కితే బయటికి వచ్చేవీ కావు. అక్కడ కరువైంది గాలి. దాన్ని లోపలికి పంపాలి.

ఎంత తొందరగా పంపాలో చెబుతాను. మామూలుగా ఊపిరి వదిలాక కూడా పెద్దవాళ్ల ఊపిరితిత్తుల్లో సుమారు రెండున్నర లీటర్ల గాలి మిగిలి ఉంటుంది. అందులో ఆక్సిజన్ అర లీటరు కూడా ఉండదు. ఒళ్లు నిమిషానికి పావు లీటరు ఖర్చు పెడుతుంది. అంటే ఆ నిల్వ రెండు నిమిషాలకు సరిపోదు. పసిపిల్లలు కిలో బరువుకి మనకి దాదాపు రెట్టింపు వాడతారు, వాళ్లకి ఆ కాస్త వ్యవధి కూడా లేదు. ఆపరేషన్ బల్ల మీద మత్తిచ్చే ముందు మూడు నిమిషాలు మాస్కు పెట్టి ఆక్సిజన్ పీల్చమంటామే, అది ఈ నిల్వ నింపడానికే. కాలువలో పడ్డ పిల్లాడికి ఎవరు నింపుతారు? ఆక్సిజన్ బొత్తిగా అందకపోతే నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది.

నా ఉద్యోగం మొదటి సంవత్సరంలో, వేసవి సాయంత్రం, ఇలాగే కాలువలో పడ్డ కుర్రాణ్ని బైకు మీద తెచ్చారు. ఇద్దరి మధ్యన కూర్చోబెట్టారు. తల ముందుకు వాలి గడ్డం రొమ్ముకి ఆనుకుని ఉంది. చొక్కాకి నాచు అంటుకుని ఉంది. "దారిలో గురక పెట్టాడండి, ఊపిరుందని ధైర్యంగా ఉన్నామండి, ఆయ్" అన్నాడు వెనక కూర్చున్నాయన. ఆ గురక నాకు ఇప్పటికీ వినిపిస్తుంది, నేను వినకపోయినా. స్పృహ తప్పినవాడి నాలుక వదులై వెనక్కి జారి గొంతుని మూసేస్తుంది. మిగిలిన సన్నటి సందులోంచి గాలి పోరాడుతూ వెళ్లే చప్పుడే ఆ గురక. వాళ్లు ప్రేమగా పట్టుకుని తెచ్చారు, తల వాల్చి తెచ్చారు. నేను గడ్డం ఎత్తేసరికి చాలా ఆలస్యమైంది.

అందుకే మీ బడిలో మొదట నేర్పాల్సింది ఇది. వెల్లకిలా పడుకోబెట్టి, ఒక చెయ్యి నుదుటి మీద పెట్టి తలను కొంచెం వెనక్కి వంచి, రెండో చేతి వేళ్లతో గడ్డం ఎముకని పైకి ఎత్తాలి. గడ్డం కింద మెత్తటి చోట నొక్కకూడదు. దవడతోపాటు నాలుక ముందుకొస్తుంది, దారి తెరుచుకుంటుంది. ఏడాదిలోపు పసివాళ్లకి తల మరీ వంచకండి, నిటారుగా ఉంటే చాలు. వంతెన మీంచి దూకి తలకి దెబ్బ తగిలిందనుకుంటే మెడ కదపకుండా రెండు వైపులా దవడ మూలలు పట్టి ముందుకు నెట్టాలి.

తర్వాత పది సెకన్లకు మించకుండా రొమ్ము చూడండి. ఉండుండి ఒకసారి నోరు తెరిచి గుటకలు వేస్తున్నట్టుంటే అది ఎగశ్వాస. దాన్ని ఊపిరి కింద లెక్కెయ్యకండి. ఒకరు 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాలి. ఇంకొకరు ముక్కు మూసి, నోటికి నోరు ఆనించి, రొమ్ము పైకి లేచేంత గాలి ఒక్క సెకను చొప్పున రెండుసార్లు ఊదాలి. రొమ్ము లేవలేదంటే గడ్డం సరిగా ఎత్తలేదన్నమాట, మళ్లీ సర్దండి. "మనం వదిలేది చెడ్డగాలి కదా" అని చాలామంది అడుగుతారు. బయటి గాలిలో ఆక్సిజన్ 21 శాతం అయితే మనం వదిలే గాలిలో ఇంకా 16 శాతం పైనే ఉంటుంది, ఆపదలో అది చాలు. ఆ తర్వాత రొమ్ము మధ్యన నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో 30 నొక్కులు, 2 ఊదులు, 108 వచ్చేదాకా. నోట్లోంచి నురగ వస్తే తుడుస్తూ కూర్చోకండి, ఊదడం ఆపకండి. ఊపిరి అందుకుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి.

మీ ఊరి పిల్లాణ్ని ఆసుపత్రిలో చూపించారా? మునిగి తేరుకున్నవాళ్లకి కొన్ని గంటల తర్వాత ఆయాసం రావచ్చు. ఆడుకుంటున్నాడని ఊరుకోకుండా, ఇలాంటప్పుడు అదే రోజు చూపించాలి.

ప్రశ్న: నేల మీద పడుకున్న మా బాబాయిని రాత్రి కట్లపాము కరిచింది. గాటు కూడా కనబడలేదు. తెల్లారేసరికి రెప్పలు వాలిపోయి మాట ముద్దయిపోయింది. విరుగుడు ఇంజక్షన్లు ఇచ్చాక కూడా గొట్టం వేసి నాలుగు రోజులు వెంటిలేటర్ మీద ఉంచారు. ఇప్పుడు బాగున్నాడు. విరుగుడు ఇచ్చాక గొట్టం ఎందుకు? (రాజోలు వైపు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: తమ్ముడూ, కట్లపాము విషం నరాల చివర్లను పాడుచేస్తుంది. విరుగుడు రక్తంలో తిరిగే విషాన్ని పట్టుకోగలదు గానీ అప్పటికే పాడైన చివర్లను బాగుచెయ్యలేదు. అవి మళ్లీ మొలవాలి, దానికి రోజులు పడుతుంది. అందాకా ఊపిరి కండరాల పని మిషను చేస్తుంది. మీ డాక్టర్లు సరైన పనే చేశారు.

ఒక్కమాట అందరికీ చెప్పండి. ఆ మనిషి కదలకపోయినా, కళ్లు తెరవలేకపోయినా లోపల తెలివిగా ఉండొచ్చు, అన్నీ వినబడుతూ ఉండొచ్చు. మంచం పక్కన ఏడుపులు, ఖర్చుల లెక్కలు వద్దు. నేను అలాంటివాళ్ల చెవి దగ్గర వంగి "ఊపిరి మిషను చూసుకుంటోంది, మీ అబ్బాయి బయటే ఉన్నాడు" అని ప్రతి పూటా చెబుతాను. ఒకాయన కోలుకున్నాక నన్ను గొంతు బట్టే గుర్తుపట్టాడు.

మంత్రాల దగ్గర ఆగకండి. ఆసుపత్రికి వెళ్లేదారిలో ఒక్క ఊపిరిలో ఎంతదాకా అంకెలు లెక్కపెట్టగలడో అడుగుతూ ఉండండి. ముందు ఇరవై దాకా చెప్పినవాడు పదికే ఆగిపోతున్నాడంటే ఊపిరి కండరాలు అలిసిపోతున్నట్టే, ఆ మాట డ్యూటీ డాక్టరుకి మొట్టమొదట చెప్పండి. ఉమ్ము మింగలేకపోతే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నీళ్లు తాగించకూడదు.

ప్రశ్న: మా నాన్నగారు చిన్నప్పట్నుంచీ చుట్ట తాగారు, సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకైపోయి ఆయాసం వచ్చే దీర్ఘకాలపు జబ్బు) అన్నారు. ఇంట్లో మిషను మీద రెండు లీటర్ల ఆక్సిజన్ పెట్టమన్నారు. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే వేలి మీటరు 90 చూపిస్తోందని టెన్షన్ పడి అయిదుకి పెంచాను. 98కి వచ్చింది గానీ ఆయన మగతగా అయిపోయారు. (అమలాపురం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, సీఓపీడీ ఉన్నవాళ్లకి మామూలుగా 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు, 90 ఆయనకి మంచి అంకే. అవసరానికి మించి ఆక్సిజన్ ఇస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకుంటుంది, ఆ మగత దానివల్లే కావచ్చు. మిషను ఒక్కసారిగా ఆపెయ్యకండి, డాక్టరు చెప్పిన రెండుకి తగ్గించండి. మగతగా ఉన్న మనిషిని ఇంట్లో ఉంచకండి. ఈ ఉత్తరం రాసిన రోజే తీసుకెళ్లి ఉంటారనే ఆశ పడుతున్నాను. ఇంకెప్పుడైనా ఇలా అయితే గడ్డం వాలిపోకుండా దిండ్లు సర్ది కూర్చోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి. వచ్చినవాళ్లకి ఎక్కే ముందే "సీఓపీడీ ఉంది, రెండు లీటర్ల మీద ఉన్నారు, 88 నుంచి 92 చాలన్నారు" అని చెప్పండి. ఆ మూడు ముక్కలూ ఒక అట్టముక్క మీద రాసి మిషనుకే కట్టి ఉంచండి.